వెర్తులీ వడ్డించని భోజనం

వెర్తులీ ఇరవై ఏళ్ళు కొండకూ రేవుకూ మధ్య తిరిగింది. ఫోన్లియాన్ కొండ మీద పండిన చిక్కుళ్ళూ మొక్కజొన్నలూ కొని, లారీలో బస్తాల మీద కూర్చుని వెళ్ళి, జక్మెల్ రేవు సంతలో అమ్మేది. నిద్రా తిండీ ఆ బస్తాల మీదే. చిక్కుడు గింజలను గుప్పిట పట్టి ఒకసారి ఆడించిందంటే చాలు, అవి పాతవో కొత్తవో, ఎంతసేపట్లో ఉడుకుతాయో చెప్పేసేది. ఆ గింజ మట్టిలో ఎంత లోతున పడాలో మాత్రం ఆమెకు తెలియదు. పండించేవాళ్ళు వేరు, బేరమాడేవాళ్ళు వేరు అని ఆమె లెక్క. బేరంలో ఆమెకు పేరుంది కానీ అది మంచి పేరని ఆ కొండ మీద ఎవరూ అనరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట ఎవరి నోటనైనా వచ్చిందంటే, ఆ వెనకే వెర్తులీ పేరూ వచ్చేది.

లారీలు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక రోజు ఆమెను పైకెక్కించడానికి ఇద్దరు మగవాళ్ళు బస్తాను తోసినట్టు తోయవలసి వచ్చింది. ఆ సిగ్గుతోనే వ్యాపారం మానేసింది. అదే ఏడు ఆమె పినతండ్రి పోయాడు. ఆయన వాటా నేల, మూడెకరాల పైచిలుకు, ఆమెకు వచ్చింది. మొగుడు ఎన్నడో సరిహద్దు దాటి పక్క దేశపు చెరకు తోటల్లో పనికి పోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. ఆ నేల పండితే తింటుంది, లేకపోతే ఒకరి వాకిట్లో నిలబడాలి. చెయ్యి చాచడం వెర్తులీకి పుట్టుకతోనే రాదు.

ఏళ్ళ తరబడి బీడు పడిన ఏటవాలు నేల అది. చలికాలమంతా తుప్పలు నరకడంతోనే సరిపోయింది. నరికిన కంపను తగలబెట్టబోతుంటే పక్క చేను అనోల్సియా గట్టు మీద నిలబడి ఆపింది. అనోల్సియా వెర్తులీ కన్నా చిన్నది, విధవరాలు, నోరు కాస్త పదును.

"కాల్చకక్కా. ఏటవాలుకి అడ్డంగా వరసలు పేర్చు. వానొస్తే నీ మట్టి జక్మెల్ పోతది. నువ్వంటే పోయి తిరిగొచ్చావు, మట్టి తిరిగిరాదు."

వెర్తులీ నవ్వి, కంపను వరసలుగా పేర్చింది. అప్పుడు అనోల్సియానే అడిగింది.

"ఇదంతా ఎవరు తవ్వుతారు? నువ్వా?"

"నేనే. రోజుకింత."

"రోజుకింత తవ్వుతూ ఉండు, వచ్చే ఏటి వానకి అందుకుంటావు. కోంబిట్ పెట్టుకో. సెనాటూస్ తాతతో చెప్తాలే."

ఆ కొండ మీద కూలి అన్న మాట లేదు. ఇవాళ అందరూ నీ చేలో దిగుతారు, రేపు నువ్వు వాళ్ళ చేలో దిగుతావు. కోంబిట్ అంటే అదే. చేను గలవాళ్ళు పొయ్యి వెలిగించి అందరికీ వండాలి, మధ్యమధ్య చెరకు సారా పొయ్యాలి. పాట ఎత్తేది సెనాటూస్ తాత. డెబ్బై దాటినా పార దించని మనిషి. చేను గలవాళ్ళను ఏకిపారేస్తూ అప్పటికప్పుడు పాట కట్టడం ఆయన హక్కు. పడటం వాళ్ళ వంతు.

మొదటి వానలు రేపో మాపో అనగా, తెల్లవారుతూనే శంఖం ఊదారు. ముప్పై మందికి పైగా వచ్చారు. వెర్తులీని చూడటానికి వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు లెండి. డోలు మోగింది, పారలన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగాయి, తాత అందుకున్నాడు.

"బస్తాల వెర్తులమ్మ బరువు దించిందంట"

"ఓహో, దించిందంట"

"మట్టిని గుప్పిట పట్టి ధర అడిగిందంట"

"ఓహో, అడిగిందంట"

పొయ్యి దగ్గర వెర్తులీకి నవ్వూ వచ్చింది, కాస్త మంటా పుట్టింది. ఖర్చుకు వెనకాడిందనడానికి లేదు. మేకను కోయించింది. మొక్కజొన్న సంకటి పెద్ద కుండనిండా ఉడుకుతోంది, చిక్కుడు పులుసు పక్కనే కాగుతోంది. సారా సీసాలు మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేసింది.

మధ్యాహ్నానికి సగం నేల పైగా తిరగబడింది. చెమటతో చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. పాట నెమ్మదించింది, కళ్ళన్నీ పొయ్యి వైపు తిరిగాయి. అక్కడే వెర్తులీ ఇరవై ఏళ్ళ బుద్ధి అడ్డుపడింది. తిన్నాక వీళ్ళు నడుం వాలుస్తారు, తాగాక ఇక లేవరు, సగం చేను అలాగే ఉండిపోతుంది అనుకుంది. ముందు సరుకు, తర్వాతే సొమ్ము. ఈ మాట మరిచిన రోజల్లా సంతలో ఆమె మోసపోయింది. అందుకని చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చి, దిగువన కనపడే పెద్ద బండరాయిని చూపించింది.

"ఆ రాయి దాకా తవ్వేయండి, వడ్డించేస్తా. ఎంతో లేదుగా."

డోలు ఆగింది. సెనాటూస్ తాత వంగి గుప్పెడు గడ్డి పీకి, పారకు అంటిన మట్టిని నింపాదిగా తుడిచాడు.

"సరేనమ్మా," అన్నాడు. పార భుజాన వేసుకుని గట్టెక్కాడు. ఆయన వెనక ఒక్కొక్కరే అందరూ వెళ్ళిపోయారు. అనోల్సియా కూడా వెళ్ళిపోయింది.

తిట్టి పోయినా బాగుండేది. తిట్టినవాళ్ళతో తిరిగి పోట్లాడవచ్చు. కుండ నిండుగా అలాగే ఉంది, మూత తీసినవాళ్ళు లేరు.

సాయంత్రం వెర్తులీ సంకటీ మాంసమూ గిన్నెలకెత్తుకుని, కుంటుకుంటూ తాత ఇంటికి వెళ్ళింది. వాకిలి బయట నిలబడి, ఆ కొండ మీద ఎవరింటికి వెళ్ళినా పిలిచే తీరునే పిలిచింది.

"మర్యాద."

లోపలి నుంచి బదులు రావాలి. చాలాసేపటికి వచ్చింది.

"మన్నన."

తాత గడప దాకా వచ్చాడు. కూర్చోమనలేదు.

"తాతా, వేడిగానే ఉంది. తప్పైతే అయింది, తిను."

"మా ఇంట్లో కూడా పొయ్యి ఉందమ్మా."

"మరి మిగతా చేను?"

"నీదేగా. తవ్వుకో."

ఆ మాటలో కోపం లేదు. వెర్తులీ గిన్నెలు మళ్ళీ ఎత్తుకుంది. తిరిగి వస్తుంటే దారిలో అనోల్సియా ఎదురుపడింది.

"అంత నేరం ఏం చేశానే? పెట్టనన్నానా? కాసేపాగి పెడతానన్నాను."

"రాయి దాకా తవ్వితే పెడతానన్నావు. అది కూలోళ్ళతో అనే మాటక్కా. మేం కూలికి రాలేదు. రేపు నువ్వు మా చేలోకి వస్తావని వచ్చాం."

"ఈ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళతో ఎవరు తవ్వుతారక్కా? చేతుల్లేవా?" అని అనోల్సియా తన దారిన పోయింది.

వానలు పడ్డాయి. తవ్విన మేరకు వెర్తులీ విత్తింది, చిక్కుడు సాళ్ళ మధ్య అక్కడక్కడా మొక్కజొన్న. గింజలు ఎంత లోతున వెయ్యాలో ఎవరినీ అడగలేక, అనోల్సియా తన చేలో వేస్తుంటే గట్టు ఇవతల నుంచి దొంగచాటుగా చూసి నేర్చుకుంది. ఇరవై ఏళ్ళు గింజను ఏలిన మనిషికి ఆ గతి పట్టింది. తవ్వని దిగువ భాగాన్ని ఆ కారుకు వదిలేసుకుంది. విత్తిన చోట మొలకలొచ్చినప్పుడు మాత్రం ఆమె సంతోషం ఇంతా అంతా కాదు. పొద్దున్నే లేచి, మొహం కూడా కడగకుండా వెళ్ళి చూసి వచ్చేది.

చిక్కుడుతో పాటే కలుపూ లేచింది, చిక్కుడు కన్నా ముందే పెరిగింది. ఆమె ఒక మూల తీసుకుంటూ రెండో మూలకు చేరేసరికి మొదటి మూల మళ్ళీ పచ్చబడేది. పూత రాకముందే కలుపు తీయకపోతే కాయ నిలవదని ఆ కొండ మీద పసిపిల్లలకు కూడా తెలుసు. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఈ పంట పోతే మళ్ళీ విత్తనానికి గింజ ఉండదు. ఒక రాత్రి వెర్తులీ తన లెక్కలన్నీ వేసి చూసుకుంది. ఏ లెక్కలోనూ ఆమె గెలవడం లేదు.

మర్నాడు కలుపు కోంబిట్‌కు శంఖం వినపడగానే పార పట్టుకుని బయల్దేరింది. ఎవరి చేనో కూడా అడగలేదు. వరసలో చిట్టచివర నిలబడింది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు. మోకాళ్ళు సహకరించక ఆమె సాలు అందరికన్నా వెనకపడింది. ఆ చేనే కాదు, ఆ వారంలో శంఖం ఊదిన ప్రతి చేనుకూ వెళ్ళింది.

సెనాటూస్ తాత పాటలో అందరూ వచ్చేవారు. ఒకడి బద్ధకం, ఒకామె కొత్త చెప్పులు, డోలువాడి మీసం, అనోల్సియా నోరు, చివరికి గట్టు మీద కట్టేసిన గాడిద కూడా. వెర్తులీ మాత్రం రాలేదు. ఆమె అక్కడ లేనట్టే పాట ఆమెను దాటి పోయేది. ఒకప్పుడు మట్టి ధర అడిగిందని పాడితే మండిపడిన మనిషే ఇప్పుడు ఒక్క తిట్టు కోసం చెవులు రిక్కించేది.

అనోల్సియా చేలో కోంబిట్ అయిన రోజున అయితే ఆమెకు మరీ కష్టమైంది. అందరి సాళ్ళూ పూర్తయి, వెర్తులీ సాలు ఇంకా సగంలో ఉంది. భోజనానికి కేక పడింది. ఆమె సిగ్గుపడి, పూర్తి చేసి వస్తానని అక్కడే ఉండిపోయింది. అనోల్సియా పళ్ళెం పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చింది. అందరి పళ్ళేల్లో ఉన్నంతే ఉంది, మాంసం ముక్కతో సహా.

"ఇంకా సగం ఉందే," అంది వెర్తులీ.

"ఉంటే ఉంది. తిను, చల్లారిపోద్ది."

ఆమె గట్టు మీద కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తను ముప్పై మంది ముందు నిలబడి రాయిని చూపించిన మధ్యాహ్నం కళ్ళముందు నిలిచింది. తనను ఎవరూ ఆ మాట అనలేదు. అననందుకే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ సాలులోకి దిగింది.

భోజనాలయ్యాక సెనాటూస్ తాత పాట ఎత్తబోయాడు, దగ్గు తెర అందుకుంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దగ్గు. పార మీద ఆనుకుని, మీరెవరైనా అందుకోండ్రా అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎవరూ అందుకోలేదు. ఆయన ఉండగా పాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. డోలు ఒంటరిగా కాసేపు మోగింది. పారలు తలా ఒక తీరుగా పడసాగాయి. తిన్న ఒళ్ళు, ఎర్రటి ఎండ. పని నీరసపడిపోయింది.

వరస చివరి నుంచి ఒక గొంతు లేచింది. సంతలో నూరు మంది అరుపుల మీదుగా తన సరుకు పేరు వినిపించిన గొంతు అది, వణికినా గట్టిగానే వణికింది.

"రాయి దాకా తవ్వితేనే కూడు పెడతనంటి"

జవాబు రాలేదు. పారలు ఆగిపోయాయి, తలలు వెనక్కి తిరిగాయి. వెర్తులీ తల ఎత్తలేదు. పార ఎత్తి దించుతూనే రెండో మాట అందుకుంది.

"కుండ నిండ కూడుండగ ఒక్కదాన్నే తింటి"

డోలువాడు ఒక్క దెబ్బ వేశాడు. అంతే.

"ఒక్కదాన్నే తింటి గాని ఒక్క ముద్ద దిగలే"

"ఓహో, దిగలే," అంది ఎక్కడి నుంచో అనోల్సియా.

"సారా సీస దాచి పెడితె ఎలుక కూడ తాగలే"

ఈసారి వరసంతా అందుకుంది. నవ్వుతూ అందుకున్నారు, నడుములు పట్టుకుని మరీ అందుకున్నారు. పారలన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగాయి. వెర్తులీ తనను తాను ఇంకా చాలా తిట్టుకుంది. మోకాళ్ళను తిట్టుకుంది, తాళం చెవిని తిట్టుకుంది, పారిపోయిన మొగుడిని కూడా పాటలోకి లాక్కొచ్చి అతని తరఫున కూడా తిట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఏదైనా గానీ, వానలు మొదలైనప్పటి నుంచి గుండె మీద ఉన్న బరువు మాత్రం దిగింది.

పొద్దు వాలాక సెనాటూస్ తాత ఆమె సాలు దగ్గరికి వచ్చాడు. సాలు అప్పటికీ పూర్తి కాలేదు. దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"గొంతు పరవాలేదు. చేతులే దండగ."

"తెలుసు తాతా."

"నీ చేలో కలుపు మోకాలెత్తు లేచింది. ఆకు కింద మొగ్గ కూడా చూశాను, ఇంకో వారం ఆగితే చచ్చిపోద్ది." ఆయన ఎప్పుడు వెళ్ళి చూశాడో ఆమెకు తెలియదు. "ఎల్లుండి పొయ్యి వెలిగిస్తావా?"

వెర్తులీ పార కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"వెలిగిస్తా," అంది. తర్వాత భయం భయంగా అడిగింది. "భోజనం ఎప్పుడు పెట్టమంటావు తాతా?"

తాత ఆమెను వింతగా చూశాడు.

"ఆకలేసినప్పుడు," అన్నాడు.