ఎండిన పొలానికి గైర్హాజరు

మొన్న మా మనుమరాలు గణాంకాలు కట్టే ఏదో కంప్యూటర్ భాష నేర్చుకుంటూ, పెద్ద పట్టికలోని ఖాళీ గళ్లన్నిటినీ ఒక్క వాక్యంతో తుడిచేసి, ఎంత శుభ్రమైందో చూడమన్నది. మెచ్చుకోవాల్సింది పోయి లేచి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. కోపాన్ని బీపీ మాత్రతో కలిపి మింగే వయసు మనది. కానీ ముప్పై ఏళ్ల నాటి కోపం ఒకటి ఏ మాత్రకూ కరగలేదు.

తొంభైల మొదట్లో నేను మిర్యాలగూడలో పంటల దిగుబడి లెక్కలు కట్టే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. మాకు కంప్యూటర్ వచ్చింది. దానితోపాటు కప్పడానికి ఒక గుడ్డ, గదికి ఒక తాళం, దసరాకు ఒక కొబ్బరికాయ మంజూరయ్యాయి, వాడటం తెలిసిన మనిషి మాత్రం కాలేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన పాపానికి ఆదివారాలు సూర్యాపేట వెళ్లి బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకురమ్మని నన్ను పంపారు. అక్కడ పదిమందికి ఒకటే కంప్యూటర్. చెప్పులు బయట విడిచి, నోటుబుక్కులో రాసుకున్నది రెండు వేళ్లతో కొట్టి, వంతు అయిపోగానే మర్యాదగా లేచిరావాలి. మా గురువుది కోదాడ. "మెల్లగా కొట్టండి బాబూ, అది కీబోర్డు, రోలు కాదు" అనేవాడు. సగటు కట్టడం నేర్పిన రోజున ఆయన పిల్లల మార్కులు తీసుకున్నాడు. పరీక్షకు రాని పిల్లాడి గడిలో సున్నా ఉంటుంది కనుక, సున్నా కనబడితే దాటెయ్యమని ప్రోగ్రాములో ఒక వరుస రాయమన్నాడు. చాలా అందంగా రాసుకున్నాను.

ఆ ఏడు కాలువ చివరి ఊళ్లకు నీళ్లు రాలేదు. త్రిపురారం వైపున్న మా మేనమామ ఊరూ వాటిలో ఒకటి. చీటీ వేసి పొలాన్ని ఎంచడం, మడిలో నాలుగు గుంజలు పాతి తాడు కట్టడం, లోపలి వరి కోసి, నూర్చి, తూచి రాయడం మా పని. కోయడానికి ఏమీ లేని చోట కూడా తాడు కట్టాల్సిందే. చీటీ మామ పొలానికే వచ్చింది. ఆయన తాడు కొస పట్టుకుని, "ఏం కోస్తవ్ అల్లుడా, మట్టిపెళ్లలా?" అన్నాడు. సున్నా రాశాను. మండలం సగటు పడిపోతే కరువు జాబితాలోకి ఎక్కుతుంది, పశువులకు సర్కారు గడ్డి వస్తుంది. మామ ఎడ్ల జతకు అప్పటికి వారం మేత మిగిలింది.

అంకెలన్నీ కంప్యూటర్లో కొట్టాను. సూర్యాపేటలో రాసుకున్న ఆ ప్రోగ్రామే వాడాను, అది సున్నాలన్నిటినీ దాటేసింది. ఎండిన ఊళ్లన్నీ పరీక్షకు రాని పిల్లలైపోయాయి. కాలువ మొదట్లోని మళ్లు మాత్రమే హాజరై, మండలానికి బ్రహ్మాండమైన సగటు తెచ్చిపెట్టాయి. ఆ అచ్చుకాగితం పై ఆఫీసుకు వెళ్లింది. జాబితాలో మా మండలం లేదు.

ఎందుకు లేదా అని వెనక్కి వెతికితే ఆ వరుస కనబడింది. వెంటనే మా ఆఫీసరుకు చెప్పాను. "ఇగ గది వాపసు రాదయ్యా. కొత్త మిషన్ తప్పు చేసిందని నేను రాయాల్నా?" అన్నాడాయన. మిషన్ కాదు, తప్పు చేసింది నేనన్నాను. అట్లయితే మరీ మంచిది కాదన్నాడు. నేను కొంచెం గట్టిగా మాట్లాడానని తర్వాత అటెండరు చెప్పాడు. వీధి చివరి టీకొట్టాయన కూడా చెప్పాడు.

అంతకుముందు చేతిరాత రిజిస్టర్ల కాలంలో రైతులు ఆఫీసుకొచ్చి, అంకె మీద వేలు పెట్టి కొట్లాడేవారు, మేం కొట్టేసి దిద్ది పక్కన సంతకం చేసేవాళ్లం. మామ కూడా అట్లాగే వస్తాడని, ఆ గొడవకైనా ఆఫీసరు దిగివస్తాడని ఆశపడ్డాను. వచ్చాడు కూడా. "ఏడున్నడు మా అల్లుడు? కండ్లార సూసినోడే గిట్ల రాస్తడా?" అని గేటు దగ్గర్నుంచే అందుకున్నాడు. అచ్చుకాగితం నకలు చేతికిచ్చాను. రెండు అంచులా చిల్లులున్న ఆ పొడవాటి కాగితాన్ని పట్టుకునే ముందు చేతులు తువాలుతో తుడుచుకున్నాడు. చూస్తుండగానే గొంతు దిగిపోయింది.

"మిషన్ల వచ్చిందంటే నిజమే ఉంటది అల్లుడా. మేమే ఏదో తక్కువ చేసినం."

తప్పు నాదని చెప్పాను. కాగితం మీద గీసి చూపించాను, బతిమాలాను. "నా మీద పాణంతోని గట్లంటున్నవ్ లే" అని నా భుజం తట్టి, కాగితాన్ని మడత నలగకుండా పట్టుకుని బస్సెక్కాడు. ఎడ్లు ఆ నెలలోనే అంగడికి పోయాయి.

ఇప్పుడు అన్నీ తెరల మీదే ఉన్నాయి, వేలు పెట్టి కొట్లాడదామంటే రిజిస్టరూ లేదు, వచ్చేవాళ్లూ లేరు. మామ పోయేదాకా ఏటా ఒకసారైనా ఆ తప్పు ఒప్పుకున్నాను. ఏటా ఆయన నన్ను క్షమించడానికి నిరాకరించాడు, క్షమించేటందుకు ఏమీ లేదని.