తాలిపేరు దాటిన రోజు

నా కథల్లో ఎలుగుబంటి ఏటా పెరిగేది. ఇప్పపూలు ఏరుతుంటే ఎదురొచ్చిన మామూలు ఎలుగే. రెండేళ్లకు ఎద్దంతయింది. బాసగూడ సంతలో టీ హోటల్ బల్లమీద కూర్చుని, బస్సు కోసం కాచుకున్నవాళ్లకు చెప్పేవాణ్ని. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో భయపెట్టి, మా దోర్లీలో నవ్వించేవాణ్ని.

పక్కనే నా భార్య చింతపండు అమ్మేది. ఎలుగు ఎద్దంత కాగానే, తలెత్తకుండా "మేకంత" అనేది. జనం పడీపడీ నవ్వేవారు.

"ఏంది అత్తా, మామను కొంచెం పెంచుకోనియ్యవా?"

"పెంచుకోనీ. దానికి మేత ఎవరు పెడతరు?"

వాళ్లు నా కథ కోసం కాదు, ఆమె కోత కోసం వచ్చేవారని నాకు తెలుసు. తగ్గించడానికి ఆమె ఉంది కదా అని ఇంకా పెంచేవాణ్ని.

ఈ వానల్లో జ్వరమొచ్చి ఆమె పోయింది.

పదోరోజు మా ఇళ్లలో ఒక పద్ధతుంది. పోయినవాళ్లకు అన్నం పెట్టేముందు, అయినవాళ్లు తలా ఒక సంగతి చెప్పాలి. నిజమే చెప్పాలి. అబద్ధం కలిస్తే వాళ్లు ఆ అన్నం ముట్టరంటారు.

"నువ్వే మొదలుపెట్టు బావా," అన్నాడు ఆమె అన్న. "ఈ ఒక్కరోజూ పెంచకు."

తాలిపేరు ఏరు దాటిన సంగతి చెబుదామనుకున్నా. పెళ్లయిన ఏడాది, వరదలో ఆమెను భుజమ్మీద మోసి ఒడ్డుకు చేర్చానని సంతలో ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ మధ్యలో ఏదో అని కోసేది. ఏమనేది? నీళ్లు మోకాళ్ల దాకే అనేదా? మోసింది తనే అనేదా? జనం నవ్వు గుర్తుంది, ఆమె మాట గుర్తులేదు. ఆమె మాట్లాడేటప్పుడు నేను తర్వాతి అబద్ధం కూర్చుకుంటూ ఉండేవాణ్ని.

"చెప్పు నాయినా," అంది కూతురు, విస్తరి ముందు కూర్చుని.

"మీ అమ్మా నేనూ ఒకసారి తాలిపేరు దాటినం."

"ఎంత లోతు మామా?" వెనకనుంచి ఎవరో అడిగారు, నవ్వడానికి సిద్ధంగా.

"తెల్వదు."

"చూడు, ఎట్ల ఊరిస్తున్నడో," అని నవ్వారు. కాసేపు ఎదురుచూశారు. నా దగ్గర ఇంకేమీ లేదని తెలిసి తలలు దించుకున్నారు.

అప్పుడు ఆమె అన్న చెప్పాడు. "మా చెల్లెకు చిన్నప్పటి సంది నీళ్లంటే భయం. చీలమండ తడిసినా ఏడ్చేది."

ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలీదు. ఆమె చెప్పలేదో, చెబితే నేను వినలేదో.

అంత భయమున్న మనిషి ఆ రోజు నాతో ఏరు దాటింది. అప్పుడు ఆమె మొహం చూసినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు ఆ మొహం కోసం ఎంత వెతికినా, నా కథలోని ఆడమనిషే కనపడుతోంది. ఆ కథలో ఆమె నవ్వుతుంటుంది. ఆ నవ్వు నేను పెట్టిందే.