పండుకున్నట్టే ఉన్నడు

మా మతసామరస్య సంఘానికి అధ్యక్షులం ముగ్గురం. ఒక సంఘానికి ముగ్గురు అధ్యక్షులేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. ఒక్కరిని ఎన్నుకుంటే ఆ ఒక్కరి మతం పైకెక్కి కూర్చుంటుందని భయం. అందుకని ముగ్గురమూ ఎక్కేశాం. శంషాబాద్‌లో టెంట్‌హౌస్ నడిపే భాయ్ ఒకరు. రాజేంద్రనగర్ వైపు ఒక కాలనీలో రేకుల చర్చి పెట్టుకున్న పాస్టర్‌గారు ఒకరు, గుంటూరు వైపు మనిషి. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, తిట్టడానికి పిల్లలు లేక ఊళ్ళో పెద్దవాళ్ళను తిట్టుకుంటూ తిరుగుతున్న నేను మూడోదాన్ని.

మొదట్లో మాకు పనేమీ ఉండేది కాదు. పండగల ముందు పోలీస్ స్టేషన్‌లో శాంతి సమావేశం పెట్టేవారు. మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. బొట్టూ టోపీ సిలువా ఒకే ఫోటోలో పడ్డాయంటే సమావేశం అయిపోయినట్టే. ఒక రోజు అలాగే ఫోటో దిగి బయట చాయ్ తాగుతుంటే భాయ్ విసుక్కున్నాడు.

"గీ ఫోటోల దోస్తీ ఏంది అక్కా? రిసెప్షన్ల స్టేజీ ఎక్కి నిలబడ్డట్టు నిలబడుతున్నం. జర ఏమన్న పని జేద్దాం."

"సౌండ్ బాక్సుల పంచాయితీ తీరుస్తున్నాం కదండీ," అన్నారు పాస్టర్‌గారు నెమ్మదిగా.

"అవి కిరాయికిచ్చేది నేనే గద పాస్టర్‌సాబ్. ముందు నన్ను జైల్ల ఎయ్యాలె," అన్నాడు భాయ్. చాయ్ ఒలికేంత నవ్వాం.

పని మేం వెతుక్కోలేదు, ఎదురుగా వచ్చింది. మామిడిపల్లిలో ఒక పెళ్ళికి సామాన్లు దింపి ట్రాలీ ఆటోలో తిరిగొస్తున్న భాయ్‌కి, ఎయిర్‌పోర్టు కార్గో వైపు రోడ్డు పక్కన ఎండలో నేల మీద కూర్చున్న ఒక కుటుంబం కనిపించింది. జగిత్యాల అవతలి పల్లెవాళ్ళు. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి పెట్టె కోసం వచ్చారు. ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో తెలియక పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు. భాయ్ ఆటో ఆపి నాలుగు కుర్చీలు దింపాడు. తర్వాత మా ఇద్దరికీ ఫోన్ చేశాడు.

విమానాశ్రయమంటే అందరికీ అద్దాల మేడా, సెల్ఫీలూ గుర్తొస్తాయి. దాని పెరటి వైపు సంగతి మాకు అప్పుడే తెలిసింది. దుబాయ్ నుంచీ, సౌదీ నుంచీ, కువైట్ నుంచీ మనుషులు పెట్టెల్లో, సామాన్లతో పాటు దిగుతారు. కరీంనగర్, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వాళ్ళ వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. అప్పటి నుంచి మా సంఘం అంటే అదే. కబురు రాగానే వెళ్ళడం, నీడా నీళ్ళూ చూడడం, కాగితాల దగ్గర తోడు నిలబడడం, అంబులెన్స్ ఎక్కించి పంపడం.

ఒకరి పెట్టె ఇంకొకరి ఊరికి పోయిందని ఒకసారి విన్నాం. అంతదూరం తీసుకుపోయి, ఏడ్చి, మూత తీస్తే ముక్కూ మొహం తెలియని మనిషి. అది విన్న రోజు ముగ్గురం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. అంబులెన్స్ కదిలే ముందు మాలో ఒకరు మూత తీసి, ఫోటోతో పోల్చి, ముఖం చూడాలి. చనిపోయిన మనిషిది ఏ మతమైతే మాలో ఆ మతంవాళ్ళు ఆ ఇంటివాళ్ళ దగ్గర ఉండాలి. వాళ్ళకు తెలిసిన దేవుడి పేరు చెప్పి ఓదార్చడం మాకు నోటికొస్తుంది కనుక. చూసే పని వేరే మతంవాళ్ళది. ఇంత గొప్ప పద్ధతి ఇంకెక్కడా ఉండదని మాకు లోలోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హిందువుల ఇళ్ళవాళ్ళు. నేను ఆడవాళ్ళను పట్టుకుని కూర్చునేదాన్ని. పాస్టర్‌గారు కాగితాల దగ్గర నిలబడేవారు, ఆయన ఓపిక ముందు ఏ కౌంటరైనా లొంగాల్సిందే. అలా చూసే పని చాలాసార్లు భాయ్ నెత్తినే పడింది. ముఖం బాగుంటే ఇంటివాళ్ళను పిలిచి చూపించేవాడు. బాగాలేకపోతే మూత వేయించి, చేతులు కడుక్కుని, నింపాదిగా నడిచి వచ్చేవాడు. ఎప్పుడూ ఒకటే మాట.

"నేను చూసిన బిడ్డా. మీ ఆయననే. పండుకున్నట్టే ఉన్నడు. మందులు పూసి పంపుతరు, గాలి తగలొద్దంటరు. ఇంటికి పోయినంక గూడ మూత తియ్యకున్రి."

ఎండకు పని చేసి పడిపోయినవాళ్ళూ, రోడ్డు మీద పోయినవాళ్ళూ, ఉరేసుకున్నవాళ్ళూ, వారాల తరబడి ఐసులో ఉండి వచ్చినవాళ్ళూ అందరూ భాయ్ నోట పండుకున్నట్టే ఉండేవారు. ఆ మాట వినగానే నాకూ పాస్టర్‌గారికీ సంగతి అర్థమయ్యేది.

"అబద్ధం కదండీ భాయ్," అన్నారొకసారి పాస్టర్‌గారు, తిరిగొస్తూ ఆటోలో.

"మీరు ప్రార్థన జేస్తరు, నేను అబద్ధమాడుత. రెండు గూడ వాళ్ళ కడుపు సల్లబడనీకే," అన్నాడు భాయ్. నేను భాయ్ పక్షమే. ఆ అమ్మలూ పెళ్ళాలూ ఆ మాట విని తలూపి, కొంగు సర్దుకుని, అంబులెన్స్ ఎక్కేవారు. ఒక్కరు కూడా ఎదురు అడిగింది లేదు. ఊళ్ళకు పోయాక కూడా ఎవరూ మూత తియ్యలేదనే మాకు తెలిసింది.

భాయ్‌కి ఒక తమ్ముడు. తండ్రి పోయేటప్పటికి ఆ పిల్లవాడికి మాటలు కూడా సరిగా రావట. భాయే పెంచాడు, పెళ్ళి చేశాడు, తన టెంట్‌హౌస్‌లో పెట్టుకుందామనుకున్నాడు. తమ్ముడు వినలేదు. డ్రైవింగ్ నేర్చుకుని గల్ఫ్ వెళ్ళాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ముగ్గురికీ ఒకే రకం సెంట్లు తెచ్చేవాడు. "ముగ్గురు అధ్యక్షులు ఒకటే వాసన రావాలె," అనేవాడు. వాళ్ళన్నకన్నా పెద్ద కొంటెవాడు.

అక్కడ నడిరోడ్డు మీద అతను నడిపే బండి బోల్తా పడి అంటుకుందని కబురొచ్చింది. ఆ కబురు చెప్పడానికి భాయ్ మా ఇంటికి వచ్చి, కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను నోటికొచ్చినట్టల్లా ఆ దేశాన్నీ ఆ రోడ్డునీ తిట్టాను. ఆయన విని, "కాగితాలు పాస్టర్‌సాబ్‌కు ఇస్త అక్కా," అన్నాడు. పెట్టె రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో కూడా మరొకరి కోసం కబురొస్తే భాయ్ వచ్చాడు. వద్దన్నా విన్లేదు.

తమ్ముడి పెట్టె వచ్చిన మధ్యాహ్నం కార్గో దగ్గర మేం ముగ్గురమే ఉన్నాం. వాళ్ళమ్మ, తమ్ముడి భార్య జల్‌పల్లిలో ఇంటి దగ్గరే ఉన్నారు. పాస్టర్‌గారు కాగితాల కోసం లోపలికి వెళ్ళారు. ఎన్నోసార్లు అక్కడ నిలబడ్డ భాయ్, ఆ రోజు ఎక్కడ నిలబడాలో తెలియని మనిషిలా అటూ ఇటూ చూశాడు. నేనే ఒక కుర్చీ వేశాను. కూర్చున్నాడు.

"పద్ధతి పద్ధతే అక్కా. నువ్వు చూడు," అన్నాడు.

చూశాను. నేను చూసింది ఇక్కడ రాయను. ఫోటోతో పోల్చేందుకు ముఖంలో ఏమీ మిగల్లేదు. పెట్టె మీద రాసిన వివరాలూ కాగితాల్లో ఉన్నవీ ఒకటే అని పాస్టర్‌గారు రెండుసార్లు సరిచూశారు, అంతే. మూత వేయించి, చేతులు కడుక్కున్నాను. కుర్చీ వైపు నడిచాను. బళ్ళో ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నదాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు. దొరికింది ఆయన మాటే.

"మీ తమ్ముడే భాయ్. పండుకున్నట్టే ఉన్నడు," అన్నాను.

నోట్లోంచి వచ్చాక గాని ఎవరికి చెబుతున్నానో నాకు తెలియలేదు. భాయ్ నా ముఖంలోకి చూశాడు. ఆ మాట అర్థం ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? లేచి, కుర్చీ మడిచి, ఆటోలో పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం ఏడవలేదు.

జల్‌పల్లిలో ఇంటి ముందు ఆయన పనివాళ్ళే షామియానా వేశారు. పెట్టెను లోపల గదిలో దించారు. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. తమ్ముడి భార్య స్పృహ తప్పితే పక్క గదిలో పడుకోబెట్టారు. మసీదు పెద్దలు నమాజుకు వేళవుతుంది, జల్దీ కానియ్యమంటున్నారు. భాయ్ వాళ్ళమ్మ పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. అమ్మీ అనేవాళ్ళం మేమందరం. ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడినా, పొలం పనులకు పోయి పెరిగిన మనిషి కనుక మాతో తెలుగే మాట్లాడేది.

"మూత ఇప్పు బేటా, చూస్త," అంది.

భాయ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అన్నేళ్ళ అలవాటు. ఆ మాట తనంతట తానే బయటికి వచ్చింది.

"అక్క చూసింది అమ్మీ. మనోడే. పండుకున్నట్టే ఉన్నడు. మందులు పూసిర్రు, గాలి తగలొద్దు."

"పండుకున్నట్టుంటే నాకెందుకు చూపియ్యవ్?" అంది ఆ ముసలమ్మ.

గట్టిగా కూడా అనలేదు. అడగాల్సింది అడిగింది. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు టీచరమ్మా. నువ్వు పిల్లలకు నిజం చెప్పమని చెప్పినదానివి."

నేను భాయ్ వైపు చూడలేదు. "ముఖం లేదు అమ్మీ. కాలిపోయింది," అన్నాను.

గదిలో ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. అమ్మీ మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొఖం వద్దు. కాళ్ళు చూపియ్యి," అంది. "వాని కాళ్ళు నాకు తెల్వయా?"

నేనూ భాయ్ ఒకరినొకరం చూసుకున్నాం. ముఖం చూపాలా, వద్దా అనే అన్నేళ్ళు ఆలోచించుకున్నాం, పద్ధతులు పెట్టుకున్నాం. మనిషికి కాళ్ళుంటాయని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

భాయ్ మూత తీయించాడు. తలవైపు దుప్పటి అడ్డం పెట్టించి, పాదాల మీది గుడ్డ తనే తొలగించాడు. పాదాలు బాగానే ఉన్నాయి, బూట్లు కాపాడి ఉంటాయి. ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. అమ్మీ ఆ వేలిని పట్టుకుంది. "వాళ్ళ నాయినది గూడ గిట్లనే ఉండె," అంది. ఆ రెండు పాదాలనూ ఒళ్ళోకి తీసుకున్నట్టుగా చేతులతో చుట్టి, వంగి, వాటి మీద నుదురు ఆనించింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ తర్వాత తనే గుడ్డ కప్పి, "ఇగ తీస్కపోన్రి," అంది.

ఖబ్రస్తాన్‌లో మట్టి చేసి మగవాళ్ళు తిరిగి వచ్చేటప్పటికి పొద్దు వాలుతోంది. పాస్టర్‌గారు అక్కడికి కూడా వెళ్ళి, గేటు దగ్గర దూరంగా నిలబడి తనకు తెలిసిన ప్రార్థన తను చేసుకుని వచ్చారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు. షామియానా కింద కుర్చీలు చాలావరకూ ఖాళీ అయ్యాయి. భాయ్ వచ్చి మా ఎదుట కూర్చున్నాడు.

"ఎవ్వరు నమ్మలే అక్కా," అన్నాడు.

"ఏంటి భాయ్?"

"ఇన్నేండ్ల సంది నేను జెప్పిన మాట. వాళ్ళు నమ్మిర్రనుకున్న. ఒక్కరు గూడ నమ్మలే. పండుకున్నట్టుంటే ఎందుకు చూపియ్యరని అందరికి అనిపిచ్చే ఉంటది. ఇంత పెద్ద మనిషి, మనోడు గూడ కాదు, మన కోసం గిన్ని తిప్పలు వడ్తున్నడు, ఆయనను ఏం అడుగుతమని ఊకున్నరు. నా మీద జాలిపడి మూత తియ్యకుండ పోయిర్రు."

"అలా అనుకోకండి భాయ్," అన్నారు పాస్టర్‌గారు.

"నువ్వు చెప్పు అక్కా. నేను ఆ మాట అన్నప్పుడల్ల పక్కనే ఉన్నవ్ గద. ఎన్నడన్న నమ్మినవా?"

ఆ రోజుకు ఒక అబద్ధం చాలనిపించింది. లేదు భాయ్ అన్నాను.

ఆయన తల ఊపాడు. అప్పుడు, మా ఇద్దరి ముందూ, మొట్టమొదటిసారి ఏడ్చాడు. ఆ ఏడుపు తమ్ముడి కోసం మాత్రమే కాదని మాకు తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దారుల్లో, ముఖమూ కాళ్ళూ ఏదీ చూడకుండా మేం సాగనంపిన ఆడవాళ్ళు ఎంతమందో. వాళ్ళ దగ్గరికి ఇప్పుడు వెళ్ళి చెప్పడానికి మా ముగ్గురి దగ్గరా ఏమీ లేదు.