దాతల పిండమని చెప్పిన రోజు

ఎనిమిదో నెలలో ఒక ఉదయం లేచేసరికి తల పగిలిపోతోంది. ముందు రోజే పాదాలు వాచాయి. కాఫీ గ్లాసు అందుకోబోతే, ఎదురుగా ఉన్న అత్తయ్య ముఖం మసకగా కనిపించింది.

నా కడుపులో పెరుగుతున్నది దాతల పిండం. అండం నాది కాదు, వీర్యం మా ఆయనది కాదు. ఈ సంగతి మా ఇద్దరికీ, రాజమండ్రిలో నన్ను చూసే డాక్టరు గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇలాంటి గర్భంలో బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువని ఆవిడ మొదట్లోనే హెచ్చరించారు. తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి ముందు ఈ విషయమే చెప్పమన్నారు.

మా ఆయన రొయ్యల చెరువుల పని మీద భీమవరం వెళ్లారు. అత్తయ్యే ఆటో పిలిపించి నన్ను మండపేట తీసుకెళ్లారు. ధాన్యం లారీల వెనక ఆటో ఆగినప్పుడల్లా ఆవిడ తల బయటికి పెట్టి దారిమ్మని బతిమాలుతున్నారు.

అక్కడి డాక్టరు బీపీ చూసి, మళ్లీ చూశారు.

"గర్భం మామూలుగా వచ్చిందా, ఏమైనా ట్రీట్‌మెంటా?"

"మామూలుగానేనండి," అన్నారు అత్తయ్య. "మా వైపు ఎవరికీ బీపీ లేదండి."

లోపల బిడ్డ కదిలింది.

"కాదండి. ఐవీఎఫ్. దాతల పిండం," అన్నాను.

నా వీపు నిమురుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ చేసి, అంబులెన్సులో రాజమండ్రి పంపారు. అత్తయ్య పక్కనే కూర్చున్నారు.

"దాతలంటే? మావాడి బిడ్డ కాదా?"

"రక్తసంబంధం ఆయనతోనూ లేదండి, నాతోనూ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దంటారని భయమేసిందండి."

"అనేదాన్నే," అన్నారు. నా వైపు తిరిగి, "ఇప్పుడు నీకేమన్నా అవుద్దా?" అని అడిగారు.

"ఇద్దరికీ ప్రమాదమేనండి."

ఆసుపత్రిలో దించేసరికి నాకు మాట తడబడుతోంది. ఎదురొచ్చిన నర్సుతో అత్తయ్యే చెప్పారు.

"దాతల పిండమంటమ్మా. బీపీ బాగా ఎక్కువుంది, చూపు ఆనట్లేదంట. తొందరగా చూడండి."

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఏడ్చింది గానీ మరీ చిన్నది. కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంచారు. నా బీపీ దిగడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది. చూడ్డానికొచ్చిన బంధువులు ఎవరి పోలిక అని అడిగితే, "ముందు బరువెక్కనివ్వండి," అనేవారు అత్తయ్య. ఉప్పు తగ్గించి వండిన కూరలు నాకు రోజూ తెచ్చేవారు. కొడుకుతో మాత్రం చాన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు.