ఆయుధ పూజనాటి బొట్టు

1978లో పుంగనూరులో ఒక బాలికల హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని, టెన్త్‌కు క్లాస్ టీచర్ని కూడా. మదనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఊరి పేరు చెప్పాను గానీ బడి పేరు చెప్పను. అక్కడ జరిగిన పొరపాటు నాది, బడికి అంటగట్టడం న్యాయం కాదు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నోరు కాస్త ఎక్కువ, నేను చేసేదంతా మంచే అన్న నమ్మకం ఇంకా ఎక్కువ.

దసరా సెలవులు ఇచ్చే రోజు బళ్లో పూజ చేయడం ఆనవాయితీ. సరస్వతి పటం ముందు కుట్టుమిషన్లు, గ్లోబు, గంట కొట్టే సుత్తి, పిల్లల కాంపాస్ బాక్సులు పెట్టి అన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టేవాళ్లం. ఆ ఏడు అలంకరణంతా షంషాద్ చేసింది. నా క్లాసు పిల్లే, లెక్కల్లో దిట్ట. పెళ్లి పందిళ్లకు రంగు కాగితాలతో జాలర్లు కత్తిరించడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. మూడు రోజులు కూర్చుని గుమ్మాలన్నిటికీ తోరణాలు తయారుచేసింది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు అంత తొందరగా ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు, ఆవిడ కూడా ఆగి ఆగి చూశారు.

పూజ అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి నేనే బొట్లు పెట్టాను. షంషాద్ వంతు వచ్చింది. ఇంత పని చేసిన పిల్లను వదిలేసి పక్కపిల్లకు పెడితే చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. తల కాస్త వెనక్కి తీసింది. సిగ్గు కాబోలనుకుని, గడ్డం పట్టుకుని పెట్టేశాను.

సెలవులయ్యి బడి తెరిచిన పొద్దునే ఆ పిల్ల తండ్రి మహబూబ్ సాబ్ వచ్చాడు. మదనపల్లె రోడ్డులో ఆయనకు లారీలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. కూర్చోమన్నా కూర్చోలేదు. కూతురికి టీసీ ఇమ్మని రాసిన అర్జీ హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టాడు. టీసీ ఇస్తే ఇక మా రిజిస్టర్లో ఆ పిల్ల పేరు ఉండదు. ఆ రోజు షంషాద్ దారిలో ఓణీ చెంగుతో బొట్టు తుడుచుకుంటే నుదురంతా ఎర్రగా పాకిందట. దూరం నుంచి చూసి, దెబ్బ తగిలి నెత్తురు కారుతోందనుకుని తను రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తానని చెప్పాడు. పిల్లను వి.కోటలో అక్క ఇంటికి పంపిస్తానన్నాడు. అక్కడ చదివిస్తావా అని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగితే అర్జీని ఇంకాస్త ముందుకు జరిపాడు.

మర్నాడే నామినల్ రోల్స్ పంపాలి. టెన్త్ పరీక్ష రాసేవాళ్ల జాబితా అది. అందులో పేరు లేకపోతే ఆ ఏడు పరీక్ష లేనట్టే, ఆ పిల్లకైతే ఇక ఎప్పటికీ లేనట్టే. గుమాస్తా రాలేదని అబద్ధమాడి ఆవిడ ఆయన్ని మర్నాటికి రమ్మన్నారు.

నెత్తురనుకున్నాడని విన్నప్పుడే తప్పు చేశానేమో అనిపించింది. అయినా రోషం తగ్గలేదు. అందరితో సమానంగా చూడటం కూడా తప్పేనా అని హెడ్‌మిస్ట్రెస్ గారితో వాదించాను. మధ్యాహ్నానికి పేరెంట్స్ కమిటీ పెద్ద ఒకాయన వచ్చాడు. నేను వెళ్లి తప్పు ఒప్పుకుంటే రేపు బళ్లో పూజే ఉండదనీ, తోరణం కట్టినా తగువేననీ, గమ్మున ఉండమనీ గట్టిగా చెప్పాడు. అవతల మహబూబ్ సాబ్ వీధిలోనూ మనుషులు గుంపుగా చేరి మాట్లాడుకుంటున్నారని ఆయా చెప్పింది. ఒక పిల్ల చదువు కాస్తా ఊరి తగువయ్యేలా ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

సాయంత్రం బడి వదలగానే ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్లాను. వాళ్ల ఇల్లు షెడ్డు వెనకే. మహబూబ్ సాబ్ లారీ కింద నుంచి బయటికొచ్చి, నట్లు బిగించే పానా పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. పిల్లను వేరుగా చూడకూడదనే అలా చేశానని మొదలుపెట్టాను. ఆ లారీకి ఆయుధ పూజ నాటి బొట్లు ఇంకా ఉన్నాయి. వాటిని చూపించి, మీ షెడ్డులోనూ పెడతారు కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"లారీవోళ్లు పెడతారమ్మా. అది వాళ్ల బండి, వాళ్లిష్టం. నా పానాలకు పెట్టాలంటే మాత్రం, పెట్టమంటావా సాయిబూ అని అడుగుతారు. ఒగసారి సరే అంటాను, ఒగసారి వద్దంటాను. నా బిడ్డను ఎవురైనా అడిగినారా?"

లారీ వైపు చాచిన చెయ్యి దించాను.

"మూడు దినాలు కూసోని మీ బడికి కాయితాలు కత్తిరించింది. నేను వద్దన్న్యానా? ఆ కత్తెరకు సాన పట్టింది నేనే. పూజ మీద నాకేం కోపం లేదు. పానాకు ఇచ్చే మర్యాద నా బిడ్డకు యాల ఇయ్యలేదు?"

తప్పు నాదేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకు గాదమ్మా. దానికి సెప్పు."

షంషాద్ గుమ్మం దగ్గర తెర పట్టుకుని నిలబడి ఉంది. తప్పయిందమ్మా, నిన్ను అడగాల్సింది అన్నాను. ఆ పిల్ల తెర వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది.

"తల తిప్పుకుందామనే అనుకున్న్యా మేడమ్," అంది. "మీరు గడ్డం పట్టుకోనుండారు."

మర్నాడు మహబూబ్ సాబ్ వచ్చి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. జాబితాలో షంషాద్ పేరు నా చేత్తోనే రాశాను. కమిటీ పెద్ద రెండు నెలలు నాతో మాట్లాడలేదు. షంషాద్ పరీక్ష రాసింది, ఫస్టు క్లాసులో పాసయింది. ఆ మధ్యలో స్కూల్ డేకి తోరణాలు కత్తిరిస్తావా అని అడిగితే, చదువుకోవాల మేడమ్ అంది. నేను మళ్లీ అడగలేదు. బాధ మాత్రం చాలాకాలం ఉండిపోయింది.

తర్వాత కుప్పంలోనూ మదనపల్లెలోనూ ఎన్నో ఏళ్లు పనిచేశాను. ప్రతి దసరాకూ పూజ చేశాం, తోరణాలు కట్టాం. కుంకుమ భరిణె బల్ల మీద పెట్టి నేను పక్కకు తప్పుకునేదాన్ని. కావలసినవాళ్లు వచ్చి పెట్టుకునేవాళ్లు. టీచరు చెయ్యి చాస్తే పిల్లలు వద్దనలేరని అంతకుముందు నాకు తట్టనే లేదు. షంషాద్ ఆ మాటన్నాక, ముద్దుకైనా సరే, ఏ పిల్ల గడ్డమూ పట్టుకోలేదు.