వారం వారం సగం

భిన్నాలు చెప్పడంలో నన్ను మించినవాడు భీమిలి రోడ్డులో లేడని నా నమ్మకం. ఇరవై రెండేళ్లుగా వన్ టౌన్‌లో బస్సెక్కి, భీమిలి స్కూల్లో పిల్లలకు ఒకే మాట చెబుతున్నాను. సగం అని ఎవరైనా అంటే దేనిలో సగమో ముందు అడగండి. అడగనివాడికి మార్కులు కోసేస్తాను.

ఊరు మాత్రం ఏమీ అడక్కుండానే బతికేస్తోంది. ఆటో ఆయన కాంప్లెక్స్ బస్టాండు దాటగానే మూడొంతులు వచ్చేశామంటాడు. మిగిలిన ఆ ఒక్క వంతూ మొదటి మూడింటికన్నా పొడుగ్గా ఉంటుంది. చేపలావిడ సగానికి సగం తగ్గించేశానంటుంది. ఏ ధరలో సగమో ఆ దేవుడికే తెలియాలి. వీళ్లను చూసి నవ్వుకోవడం నాకు పైసా ఖర్చులేని కాలక్షేపం.

పోయినేడాది అమ్మకు ఆయాసం బాగా ఎక్కువైంది. డాక్టరు రోజుకు నాలుగు బిళ్లలు వేయమన్నారు. నెమ్మదించాక మళ్లీ తీసుకెళితే, ఈ మందు ఒక్కసారిగా మానకూడదని, వారం వారం సగం తగ్గించుకుంటూ రమ్మని చెప్పి తలుపు వైపు చూశారు. బయట జనం ఉన్నారు మరి. నేను లేచి దండం పెట్టాను. దేనిలో సగమని అడగలేదు. లెక్కల మాస్టారు సగమంటే ఏమిటని అడిగితే పరువేం కాను?

ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పట్టిక గీశాను. నాలుగు, రెండు, ఒకటి, అర, పావు. చూడముచ్చటగా కుదిరింది. ఫ్రిజ్జుకు అంటించాను. పావు బిళ్ల కోయడానికి కొత్త బ్లేడు కూడా కొన్నాను. మా ఆవిడ ఆ పట్టిక చూసి, సగమంటే అర బిళ్లేమో, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమంది. ఆవిడ చదివింది తెలుగు ఎమ్మే. భిన్నాల జోలికి రావద్దన్నాను.

మూడో వారం, రోజుకు ఒక్క బిళ్ల మీద ఉండగా, ఆదివారం చర్చిలో పాటకు లేచిన అమ్మ మొదటి చరణం పూర్తికాకుండానే బెంచీ పట్టుకుని కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రికి వెళ్లే ఆటోలో ఆవిణ్ణి భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

వారానికి అర బిళ్ల చొప్పున తగ్గించమన్నానండి, ఈ వారం రోజుకు మూడు పడాలి కదా అన్నారు డాక్టరు. మీరేం చేస్తుంటారని కూడా అడిగారు. వ్యాపారమని చెప్పాను.

సాయంత్రానికి అమ్మ కాస్త తేరుకుంది. పక్కన కూర్చుని, ఆయాసం మళ్లీ ఎప్పుడు మొదలైందని, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతులో కొంచెం కోపం కూడా ఉంది, అది కూడా ఆవిడ మీదే. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రెండో వారమే తెలిసిపోనాది నాన్నా. లెక్కల మేస్టారివి నువ్వు, తప్పేత్తావా మరి? నానే ఊపిరి సరిగ్గా తియ్యట్నేదేటో అనుకున్నాను."