తెర పట్టిన మేనమామ

తాండూరులో నా స్టూడియో మూసెయ్యడానికి ముందటి వేసవిలో, ధారూర్ దగ్గరి ఒక పల్లెలో పెళ్లి ఫొటోల పని ఒప్పుకున్నాను. గోధూళి ముహూర్తం, అంటే పొద్దు గుంకే వేళ. పెళ్లికొడుకు వాళ్లది వికారాబాద్. పందిరి అమ్మాయి వాళ్ల మెట్ట పొలంలో, చెలకలోనే వేశారు.

పెళ్లికి రెండు రోజుల ముందు అమ్మాయి తల్లి అనసూయమ్మ వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తాండూరు ఆసుపత్రిలో మంచం మీద ఉండి కూడా ముహూర్తం ఆపొద్దని పట్టుబట్టింది. చెలకలో సిగ్నల్ రాదు, కాబట్టి వీడియో కాల్ మాటే లేదు. బయల్దేరేముందు పలకరించి పోదామని వెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, జీలకర్ర బెల్లం పెట్టంగ నా బిడ్డ మొకం ఒక్కటి నాకు జూపియ్యి. ఇంకేం వద్దు" అంది. నేను ఫికర్ చెయ్యొద్దని చెప్పి బండెక్కాను.

తీరా పందిట్లో అడుగుపెట్టాక నా ప్రాణం ఉసూరుమంది. వాళ్ల ఆచారంలో అమ్మాయి తూర్పు ముఖంగా కూర్చుంటుంది. అంటే పొద్దు ఆమె వీపు వెనక ఉంటుంది. ఇలాంటప్పుడు కెమెరా ఆకాశపు వెలుగును కొలుచుకుని ముఖాన్ని బొగ్గు చేస్తుంది. ముఖానికి సరిపడా వెలుగు పెంచితే వెనకంతా తెల్లగా పాలిపోతుంది. ఫ్లాష్ ఉంటే గొడవే లేదు. నాది ఆ మధ్యాహ్నమే మొరాయించింది. కరెంటు లేదు, జనరేటర్ అతను డీజిల్‌కని పోయి పత్తా లేడు. పీటలు కాస్త తిప్పమంటే పెళ్లి చేయించే అయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు.

అప్పుడు తెర కనపడింది. వధూవరుల మధ్య పట్టే తెల్లబట్ట అది. జీలకర్ర బెల్లం పెట్టుకోగానే దించి పక్కన పడేస్తారు. పడేసే బదులు పెళ్లికొడుకు వెనక, పొద్దుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే, ఎండ దానికి తగిలి తిరిగొచ్చి అమ్మాయి ముఖం మీద పడుతుంది. మా పనిలో దీన్ని రిఫ్లెక్టర్ అంటాం. దించిన తెరతో తనకు పని లేదని అయ్యగారు కూడా ఒప్పుకున్నారు.

పేచీ పెట్టింది తెర పట్టే మేనమామల్లో చిన్నవాడు నర్సింలు. "గదెట్లనే అన్నా? మేనమామలం, మేము అక్షింతలు ఎయ్యొద్దా?" అని గయ్యిమన్నాడు. ఆసుపత్రిలో ఉన్న మీ అక్క కోసమయ్యా అన్నాను. "అక్క కోసమా? సరే తియ్యి" అని మెత్తబడ్డాడు.

సన్నాయి ఒక్కసారిగా పైకి లేచింది. తెర దిగింది, మేనమామలు పెళ్లికొడుకు వెనక్కి ఉరికి దాన్ని ఎత్తి పట్టారు. అమ్మాయి ముఖం మీద బంగారు వెలుగు పడింది. కెమెరా కంటికి ఆనించానో లేదో, జనం అక్షింతలు చల్లడం మొదలుపెట్టారు. నర్సింలు ఆగలేకపోయాడు. బట్ట కొస వదిలేశాడు, ముఖం మళ్లీ చీకటైంది. "బట్టరా నాయనా, బట్ట!" అని కేకేశాను. అతను తడుముకుని కొసను పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులా అక్షింతలు చల్లసాగాడు. బట్ట మళ్లీ బిగిసి, వెలుగు ముఖం మీదికొచ్చింది. పొద్దు గుట్టల వెనక్కి జారేదాకా వరసపెట్టి నొక్కాను.

కెమెరాలో వెనక్కి తిప్పి చూసుకున్నాను. హమ్మయ్య! అమ్మాయి కళ్లెత్తి నవ్వుతోంది, ముక్కుపుడకతో సహా స్పష్టంగా ఉంది.

భోజనానికి ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాను. అనసూయమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. "అచ్చం మా అమ్మ లెక్కనే ఉంది" అని కళ్లు ఒత్తుకుంది. తర్వాతి ఫొటోలో తమ్ముడు కనపడ్డాడు. "వీడేంది, దూడ లెక్క బట్ట నములుతుండు?" అని నవ్వబోయి, కాలు కలుక్కుమని అబ్బా అంది. అయినా నవ్వు ఆపలేదు. నా గుండెల మీది బరువు అప్పుడు దిగింది.

సాయంత్రపు ఎండను ఎటు తిప్పాలో తెలిస్తే చాలదని, దాన్ని పట్టుకునే మనిషి సంగతి కూడా చూసుకోవాలని ఆ పెళ్లిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత చేసిన కొద్ది పెళ్లిళ్లలో తెర పట్టేవాళ్లను ముందే పిలిచి, వాళ్ల తరఫున చల్లమని వాళ్ల అక్షింతలు భార్యల కొంగుల్లో కట్టించాకే కెమెరా బయటికి తీశాను.